చుక్క తర్వాత ఎన్ని అంకెలు?



లేపాక్షి బసవన్న గురించి మీరు వినే ఉంటారు. ఒకే రాతిలో మలచిన ఆ నంది పొడవు సుమారు 27 అడుగులనీ, ఎత్తు సుమారు 15 అడుగులనీ పుస్తకాల్లో రాస్తారు. ఆ పొడవును మీటర్లలోకి మార్చమని మీ లెక్కల మాస్టారు అడిగారనుకోండి. ఏం చేస్తారు? ఒక అడుగంటే 0.3048 మీటరు. 27ను దానితో గుణిస్తారు. కాలిక్యులేటరు 8.2296 అని చూపిస్తుంది. "నంది పొడవు 8.2296 మీటర్లు" అని నోటుబుక్కులో ఎక్కించేస్తారు.

గుణకారంలో తప్పేమీ లేదు. అయినా ఆ వాక్యం నిజం కాదు! ఎలాగంటారా? చివరనున్న 6 అనే అంకె మీటరులో పదివేలవ వంతును చెబుతుంది. అంటే మిల్లీమీటరులో పదో వంతు. ఇంచుమించు మన తలవెంట్రుక మందం. ఆ నందిని ఎవరో వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచారని మీరు చెబుతున్నారన్నమాట. పుస్తకం చెప్పింది మాత్రం "సుమారు 27 అడుగులు" అనే. అసలు పొడవు ఇరవై ఆరున్నర నుంచి ఇరవై ఏడున్నర అడుగుల మధ్య ఎంతైనా ఉండవచ్చు. మీటర్లలో అది 8.08 నుంచి 8.38 దాకా. చుక్క తర్వాత మొదటి అంకె మీదే మనకు పూర్తి నమ్మకం లేనప్పుడు, నాలుగో అంకె రాయడానికి మనకేం హక్కుంది? "సుమారు 8.2 మీటర్లు" అంటే చాలు.

ఇప్పుడు మీలో చాలామంది కంప్యూటరు ముందు కూర్చుని చిన్న చిన్న ప్రోగ్రాములు రాస్తున్నారు. జవాబు తెర మీద కనబడగానే పని అయిపోయిందనుకుంటారు. చుక్క తర్వాత ఎన్ని అంకెలు చూపాలన్న ప్రశ్నను అలంకారం కింద జమకడతారు. చాలామంది పెద్దలదీ అదే ధోరణి. నేను దీన్ని ఒప్పుకోను. అది నిజాయితీకి సంబంధించిన ప్రశ్న అని నా అభిప్రాయం. లేపాక్షి లాంటి కరువు సీమలో అది తిండిగింజలకు సంబంధించిన ప్రశ్న కూడా. ఎలాగో చూద్దాం.

యంత్రం లెక్కించే తీరు

మనకు పది వేళ్లున్నాయి కాబట్టి పదుల్లో లెక్కించడం అలవాటైంది. కంప్యూటరుకు ఉన్నవి రెండే గుర్తులు: 0, 1. సంఖ్యలన్నిటినీ అది ఆ రెండింటితోనే రాసుకోవాలి. పూర్ణసంఖ్యలతో చిక్కు లేదు. భిన్నాలతోనే వస్తుంది తంటా.

మూడో వంతును దశాంశాల్లో రాసి చూడండి: 0.3333... ఎంత రాసినా తెమలదు. ఎక్కడో ఒకచోట ఆపాలి. ఆపిన చోట కొంచెం తేడా మిగులుతుంది. సరిగ్గా అలాగే, పదో వంతును ద్విసంఖ్యామానంలో రాయబోతే 0.0001100110011... అంటూ 0011 అనే గుంపు అంతులేకుండా తిరిగి తిరిగి వస్తుంది. మనకు ఎంతో తేలికగా కనబడే 0.1 కంప్యూటరుకు కొరుకుడుపడని సంఖ్య!

552ను మనం 5.52 × 100 అని కూడా రాయవచ్చు గదా! కంప్యూటరు కూడా ఇలాగే దశాంశ సంఖ్యను ముక్కలు చేసి దాచుకుంటుంది. ఒక ముక్కలో అంకెలుంటాయి. ఇంకో ముక్క చుక్క ఎక్కడ పెట్టాలో చెబుతుంది. చుక్క అటూ ఇటూ జరుగుతుంది కనుక వీటికి "తేలే బిందువు" సంఖ్యలు, అంటే ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలు అని పేరు. ఒకప్పుడు ఒక్కో కంపెనీ యంత్రం ఒక్కో విధంగా వీటిని దాచుకునేది. 1985లో ఐ.ఇ.ఇ.ఇ. అనే ఇంజనీర్ల సంస్థ "754" అన్న ప్రమాణాన్ని వెలువరించాక ఆ గందరగోళం చాలావరకు తగ్గింది. ఆ ప్రమాణం రూపకల్పనలో ముఖ్యుడైన విలియం కహాన్‌కు 1989లో ట్యూరింగ్ బహుమతి వచ్చింది. ఆ పద్ధతిలో 64 బిట్ల సంఖ్యకు అంకెల కోసం దక్కేది 53 బిట్లు. మన లెక్కలో చెప్పాలంటే 15 నుంచి 17 దశాంశ అంకెలు.

ఇక తమాషా చూడండి. ఒక ఉదయం వర్షమాపకంలో 0.1 మిల్లీమీటరు, మరునాడు 0.2 మిల్లీమీటరు నీరు కనబడింది. మొత్తం ఎంత? 0.3 అని మీ తమ్ముడైనా చెబుతాడు. పైథాన్ భాషలో ఆ రెండింటినీ కూడి, ఉన్నదున్నట్టు అచ్చువేయమంటే వచ్చేది ఇది:

0.30000000000000004

చివరనున్న ఆ 4 మబ్బుల్లోంచి పడింది కాదు. యంత్రం అంకెలను ఆపిన చోట మిగిలిన తేడా అది. మిల్లీమీటర్లలో ఆ 4 చెప్పే మందం పరమాణు కేంద్రకం కంటే వేల రెట్లు చిన్నది. అంత పలచని నీటిపొర లోకంలో ఎక్కడా ఉండదు. అయినా తెర మీద ఆ అంకె కూడా 3 పక్కన దర్జాగా నిలబడి ఉంటుంది!

అచ్చువేసే ఆజ్ఞ

అందుకే కంప్యూటరు భాషల్లో సంఖ్యను ఏ రూపంలో అచ్చువేయాలో చెప్పే ఆజ్ఞ ఉంటుంది. 1957లో ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన ఫోర్ట్రాన్ భాషలోనే ఇది ఉంది. అందులో "ఎఫ్ 8.2" అంటే "మొత్తం ఎనిమిది గళ్లు వాడు, చుక్క తర్వాత రెండంకెలు చూపు" అని అర్థం. 1970ల మొదట్లో డెనిస్ రిచీ రూపొందించిన సి భాషలో ప్రింట్‌ఎఫ్ అనే ఆజ్ఞ ఆ పని చేస్తుంది. పైథాన్, జావా భాషల్లోనూ దీని పోలికలే కనబడతాయి.

గళ్ల లెక్క ఎందుకు? వాన పట్టికలో 3.4, 112.0, 27.6 ఒకదాని కింద ఒకటి రాసినప్పుడు చుక్కలన్నీ ఒకే నిలువు వరుసలో రావాలి. అప్పుడే ఏది పెద్ద వానో, ఏది చిరుజల్లో చూడగానే తెలుస్తుంది. ఇక్కడ ఫోర్ట్రాన్‌కు నాకు నచ్చిన గుణం ఒకటుంది. సంఖ్య ఇచ్చిన గళ్లలో పట్టకపోతే అది అంకెలను కోసి ఇరికించదు. ఆ గళ్లన్నిటిలో నక్షత్రాలు అచ్చువేస్తుంది. తప్పు చెప్పడం కంటే, చెప్పలేనని ఒప్పుకోవడం మేలు గదా!

మరి మనం ఏ ఆజ్ఞా ఇవ్వకపోతే? భాష తనకు తోచినన్ని అంకెలు చూపుతుంది. పాత పైథాన్‌లో 1.1 అని కొడితే 1.1000000000000001 అని జవాబు వచ్చేది. 2009లో వచ్చిన 3.1 కూర్పు నుంచి ఆ పద్ధతి మారింది. ఏ అంకెలను మళ్లీ చదివితే యంత్రంలో ఉన్న అదే సంఖ్య తిరిగి వస్తుందో, వాటిలో అతి పొట్టి రూపాన్ని ఇప్పుడు చూపుతుంది. చాలా మంచి పద్ధతి. కాని ఒక్క మాట మరచిపోకండి. ఆ పద్ధతికి తెలిసింది యంత్రంలోని సంఖ్య ఒక్కటే. కొలత ఎంతవరకు నమ్మదగినదో దానికి తెలియదు. అది మీకే తెలియాలి.

సవరింపులోనూ ఒక మెలిక ఉంది. 2.675ను రెండు దశాంశ స్థానాలకు సవరిస్తే 2.68 రావాలని మీరంటారు. పైథాన్ 2.67 అంటుంది! యంత్రంలో దాగిన సంఖ్య 2.675 కంటే వెంట్రుకవాసి తక్కువ కావడమే కారణం. ఇక 2.5ను పూర్ణసంఖ్యకు సవరించమంటే 3 బదులు 2 అంటుంది. సరిగ్గా మధ్యలో ఉన్న సంఖ్యను దగ్గరి సరిసంఖ్యకు మార్చాలన్నది అది పాటించే నియమం. ఎప్పుడూ పైకే సవరిస్తే మొత్తాలు క్రమంగా ఉబ్బిపోతాయి కనుక ఈ నియమం పెట్టారు.

కామాల సంగతి కూడా చూడండి. మనం 12,34,567.8 అని రాస్తాం. అమెరికాలో 1,234,567.8 అంటారు. జర్మనీలో 1.234.567,8 అని, మన చుక్క చోట కామా, కామా చోట చుక్క పెడతారు. సంఖ్య ఒకటే, వేషాలు మూడు. ప్రోగ్రాముకు చెప్పకపోతే అది సాధారణంగా అమెరికా వేషమే వేస్తుంది. లక్షలు, కోట్లు చదివే మన ఊరివారికి లెక్క చూపించేటప్పుడు మన పద్ధతిలో చూపించడం మర్యాద.

వాన పుస్తకంలో ఒక సున్నా

ఇక అసలు విషయానికి వద్దాం. లేపాక్షి నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలో ఉండేది. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే బాగా కురిసి, ఈ పీఠభూమికి వచ్చేసరికి వట్టిపోతాయి. ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం నుంచి రావాలి. తీరం దూరం కాబట్టి అవీ దారిలోనే చిక్కిపోతాయి. అందుకే పాత అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే. ఇక్కడ వేరుశనగ, రాగి వేసిన రైతుకు ప్రతి జల్లూ లెక్కే.

మన వాతావరణ శాఖ పద్ధతిలో వర్షాన్ని ఉదయం 8.30కు కొలిచి, మిల్లీమీటరులో పదో వంతు దాకా రాస్తారు. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,000 లీటర్ల నీరు. అందులో పదో వంతు 400 లీటర్లు. కాబట్టి చుక్క తర్వాత మొదటి అంకె దండగ కాదు. రెండో అంకెను మాత్రం ఎవరూ కొలవలేదు. దాన్ని చూపితే లేని కొలతను కల్పించినట్లే.

వాన పట్టికలో 12 అని రాయడం, 12.0 అని రాయడం ఒకటేనా? కాదు. 12.0 అంటే "పదో వంతు దాకా చూశాను, అక్కడ సున్నా ఉంది" అని సాక్ష్యం. అలాగే 0.0 అంటే "చూశాను, వాన లేదు". ఖాళీ గడి అంటే "చూడలేదు". ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. కాని కొందరు రాసే ప్రోగ్రాములు చివరి సున్నాను చెరిపేస్తాయి. ఖాళీ గడిలో సున్నా నింపుతాయి. కొలత తీయని రోజు కాస్తా వాన లేని రోజుగా మారిపోతుంది!

ఇంకో ఉదాహరణ. 2.5 మిల్లీమీటర్లు గాని, అంతకు మించి గాని వాన పడిన రోజునే వాతావరణ శాఖ "వర్షదినం"గా లెక్కిస్తుంది. సరిగ్గా 2.5 పడిన రోజును చుక్క లేకుండా చూపమంటే, మనం ఇందాక చూసినట్లు, పైథాన్ 2 అంటుంది. ఆ కాగితం చూసి లెక్కించినవారికి ఒక వర్షదినం మాయమైపోతుంది.

అచ్చయిన అంకెలు చేసిన పని

ఇదంతా చాదస్తమని మీకు అనిపించవచ్చు. రెండు నిజమైన సంగతులు చెబుతాను, వినండి.

1961లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రజ్ఞుడు కంప్యూటరు మీద వాతావరణ లెక్కలు వేస్తున్నాడు. ఒక లెక్కను మధ్యలోంచి మళ్లీ నడపాలనుకుని, అంతకుముందు అచ్చయిన కాగితం చూసి సంఖ్యలు ఎక్కించాడు. కాగితం మీద 0.506 అని ఉంది. యంత్రం లోపల ఉన్నది 0.506127. కాగితంలో చోటు మిగల్చడానికి మూడంకెలే అచ్చువేసేలా ఏర్పాటు ఉండేది. ఆ చిన్న తేడా పెరిగి పెరిగి, కొన్ని నెలల వాతావరణానికి సమానమైన లెక్క నడిచేసరికి రెండు ఫలితాలకూ పోలికే లేకుండా పోయింది! వాతావరణాన్ని చాలా ముందుగా కచ్చితంగా చెప్పడం ఎందుకు కష్టమో లోకానికి ఇలా తెలిసింది. లోరెంజ్ మేధావి కాబట్టి ఆ తేడాలోంచి ఒక కొత్త శాస్త్రానికి దారి దొరికింది. అదే మరొకరైతే యంత్రం పాడైందని ఊరుకునేవారేమో!

రెండోది 1992 ఏప్రిల్ 5న జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రంలో జరిగింది. ఆ రాష్ట్ర శాసనసభలో చోటు దక్కాలంటే పార్టీకి మామూలుగా కనీసం 5 శాతం ఓట్లు రావాలి. ఎన్నికల రాత్రి గ్రీన్ పార్టీకి 5.0 శాతం వచ్చినట్లు కంప్యూటరు కాగితం చూపింది. గెలిచామనుకున్నారు. తీరా చూస్తే వచ్చింది 4.97 శాతం. ప్రోగ్రాము చుక్క తర్వాత ఒకే అంకె చూపేలా రాశారు కనుక 4.97 కాస్తా 5.0 అయి కూర్చుంది. తప్పు తెలిశాక ఆ పార్టీకి సీట్లు పోయాయి, సభలో బలాబలాలు మారిపోయాయి. కూడిక, భాగహారం అన్నీ సరిగానే ఉన్నాయి. తప్పు జరిగింది అచ్చువేసే ఆజ్ఞలో.

కరువు గీత

జర్మనీ ఎన్నికల్లో 5 శాతం గీత ఉన్నట్లే మన వాన లెక్కల్లోనూ గీతలున్నాయి. ఒక జిల్లాలో మామూలుగా కురవవలసిన వానతో పోల్చి, వాతావరణ శాఖ తరగతులు చేస్తుంది. 19 శాతం ఎక్కువ నుంచి 19 శాతం తక్కువ దాకా "సాధారణం". 20 నుంచి 59 శాతం తక్కువైతే "లోటు". 60 నుంచి 99 శాతం తక్కువైతే "తీవ్ర లోటు". కరువు నిర్ధారణకు 2016లో కేంద్ర వ్యవసాయ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో వర్షపాతం లెక్కలే మొదటి మెట్టు. ఆ తర్వాతే పంట విస్తీర్ణం, నేలలో తేమ, ఉపగ్రహ చిత్రాలు, నీటి వనరులు చూస్తారు.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. ఇది ఊహ మాత్రమే. ఒక చోట నాలుగు నెలల్లో మామూలుగా కురవవలసింది 340.0 మిల్లీమీటర్లు, కురిసింది 273.6 అనుకోండి. తక్కువైంది 66.4. దాన్ని 340తో భాగించి నూరుతో గుణిస్తే 19.529... శాతం లోటు. దీన్ని ముగ్గురు విద్యార్థులు మూడు విధాలుగా అచ్చువేశారు. ఒకరు పూర్ణసంఖ్యకు సవరించి 20 అన్నారు. ఆ చోటు "లోటు"లో పడింది. రెండోవారు చుక్క తర్వాతి అంకెలు కత్తిరించి 19 అన్నారు. అది "సాధారణం" అయింది. మూడోవారు 19.5 అన్నారు. 19 దాకా ఒక తరగతి, 20 నుంచి ఇంకో తరగతి అని రాసిన పట్టికలో 19.5కు చోటే లేదు!

వాన ఒకటే. నేల ఒకటే. ఎండిన చేను ఒకటే. అచ్చువేసే ఆజ్ఞలో ఒక అక్షరం మారితే ఆ ఊరి కథ మారిపోతుంది. చుక్క తర్వాతి అంకెను అలంకారం అనేవారు ఈ లెక్కను ఒకసారి చేసి చూడాలి.

అయితే ఏం చేయాలి?

"ఉన్న పదిహేడు అంకెలూ చూపించేస్తే గొడవే లేదు గదా!" అంటారు కొందరు. ఒప్పుకోను. చూపిన ప్రతి అంకె చదివేవారికి ఇచ్చిన మాట లాంటిది. కొలవని అంకె చూపడం నిలుపుకోలేని మాట ఇవ్వడమే. "అయితే అన్నిటినీ పూర్ణసంఖ్యలు చేసేద్దాం" అంటారు ఇంకొందరు. అదీ కుదరదు. నాలుగు వందల లీటర్ల నీటిని పారబోసే హక్కు మనకు లేదు.

నా మాట నాలుగు ముక్కల్లో చెబుతాను. మొదటిది: లెక్క జరుగుతున్నంత సేపు యంత్రం లోపల అంకెలన్నీ ఉండనివ్వండి, సవరింపు చివరలో ఒక్కసారే చేయండి. కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్చేంజి 1982లో తన సూచీని 1,000తో మొదలుపెట్టి, ప్రతి లెక్కలోనూ మూడు దశాంశ స్థానాల తర్వాత అంకెలు కత్తిరిస్తూ పోయింది. 1983 చివరకు సుమారు 1,099 ఉండవలసిన సూచీ సుమారు 525 చూపించింది! రెండోది: కొలత ఎంతవరకు నమ్మదగినదో అన్ని అంకెలే చూపండి. మూడోది: గీత దాటిందా లేదా అన్నది లోపలి పూర్తి సంఖ్యతో తేల్చండి, అచ్చయిన కాగితం చూసి కాదు. నాలుగోది: ఏ నియమంతో సవరించారో పట్టిక కిందే రాయండి. లెక్క తెలియకముందే ఆ నియమం ఖాయం కావాలి. లెక్క చూశాక నియమం ఎంచుకుంటే అది సవరింపు కాదు, సర్దుబాటు.

మీరూ ఒక పని చేయండి. నిలువు గోడలు, చదునైన అడుగు ఉన్న సీసా గాని డబ్బా గాని ఆరుబయట పెట్టి, రోజూ ఉదయం 8.30కు అందులో నీటి లోతును స్కేలుతో కొలవండి. వాన లేని రోజు 0 అని రాయండి. చూడడం మరచిన రోజు గడి ఖాళీగా ఉంచండి. మీ స్కేలు మీద మిల్లీమీటరు గీతలే ఉంటాయి కనుక మీ పుస్తకంలో చుక్క తర్వాత అంకె ఉండకూడదు. నెల చివర సగటు కట్టే ప్రోగ్రాము రాయండి. అది తెర నిండా అంకెలు పరిచినప్పుడు, ఒక్కొక్క అంకెనూ "నిన్ను ఎవరు కొలిచారు?" అని అడగండి. జవాబు చెప్పలేని అంకెను అచ్చువేయకండి.